గాజు తొట్టిలో సముద్రం

1930లో షికాగో నగరంలో షెడ్ ఆక్వేరియం ప్రారంభమైనప్పుడు దాని నిర్వాహకులకు ఒక విచిత్రమైన చిక్కు ఎదురైంది. భవనం నిలిచినది మిషిగన్ సరస్సు ఒడ్డున, అందులోనిది మంచినీరు. సముద్రతీరమో, వందల మైళ్ళ దూరంలో ఉన్నది. చివరకు ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణాగ్రాన ఉన్న కీ వెస్ట్ నుండి సముద్రజలాన్ని రైలులో తెప్పించారు. ఇరవై టాంకు పెట్టెలు ఎనిమిది పర్యాయాలు తిరిగి సుమారు పది లక్షల గాలన్ల నీటిని మోసుకువచ్చాయి. సముద్రానికి దూరంగా, దేశం నడిబొడ్డున, సాగరజీవులను శాశ్వతంగా పోషించడం అమెరికాలో అదే మొదలు.

అంత ప్రయాసతో అప్పట్లో సాధించిన పనిని నేడు కాన్సస్‌లోనో, ఒహాయోలోనో నివసించే ఒక కుటుంబం తన ముందుగదిలో సాధించవచ్చు. రైలు అక్కరలేదు, ఒక బస్తా ఉప్పు చాలు. అయితే ఆ ఉప్పు ఏమిటి, దానిని కలిపిన నీరు సముద్రం కావడానికి ఇంకేమి కావాలి, చేపను తెచ్చి అందులో విడవడానికి ముందు నెలకు పైగా ఎందుకు నిరీక్షించాలి అన్నవి తెలియకుండా దిగినవారి తొట్టిలో మొదటి పక్షంలోనే చేపలు చనిపోవడం పరిపాటి. పిల్లల పుట్టినరోజుకని శనివారంనాడు తొట్టినీ చేపలనూ కలిపి కొని తేవడం, మరుసటి శనివారానికి ఇంటిల్లిపాదీ చిన్నబుచ్చుకొని కూర్చోవడం అమెరికాలో తరచుగా జరిగే కథే. ఈ వైఫల్యానికి కారణం దురదృష్టం కాదు, రసాయనశాస్త్రం.

గాజు పాత్రలో సాగరజీవులను పెంచాలన్న కోరిక కొత్తది కాదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు తొలి మత్స్యశాల వెలిసింది. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి పరిశోధకుడు ‘ది ఆక్వేరియం’ అన్న గ్రంథాన్ని ప్రచురించాడు. ఆ పదం వాడుకలో స్థిరపడినది దానితోనే. ఆ పుస్తకం చదివినవారు ఇంగ్లండు తీరాలకు తండోపతండాలుగా వెళ్ళి, రాతి మడుగులలోని జీవులను ఊడ్చి తెచ్చుకున్నారు. తన తండ్రి గ్రంథం వలన ఆ తీరాలు ఏ విధంగా బోసిపోయాయో కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ఎంతో బాధతో వ్రాశాడు. దక్షిణ భారతంలో 1909లో మదరాసు మెరీనా తీరాన ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో ఒక సముద్ర మత్స్యశాల నెలకొన్నది. దానికి సముద్రం ఎదుటనే ఉన్నది కనుక షికాగో వారి చిక్కు లేదు.

ఉప్పు అంటే ఏ ఉప్పు?

సముద్రజలంలో వేయి పాళ్ళకు సుమారు ముప్పైయైదు పాళ్ళు లవణాలు. వీటిలో వంటింటి ఉప్పు, అనగా సోడియం, క్లోరైడు, కలిసి నూటికి ఎనభైయైదు వంతులకు పైగా ఉంటాయి. మిగిలిన భాగంలో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేటు మొదలైనవి. 1872 నుండి 1876 వరకు ప్రపంచ సముద్రాలను చుట్టివచ్చిన చాలెంజర్ నౌక తెచ్చిన డెబ్బైయేడు నమూనాలను విలియం డిట్‌మార్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1884లో ఒక ముఖ్యమైన సంగతిని ప్రకటించాడు. ఏ సముద్రపు నీరైనా ఉప్పదనంలో హెచ్చుతగ్గులు ఉండవచ్చును గాని, ప్రధాన లవణాల పరస్పర నిష్పత్తి దాదాపు మారదు. కృత్రిమ సముద్రలవణం తయారుచేయడం సాధ్యమైనది ఈ స్థిరత్వం వలననే. వంటింటి ఉప్పును ఎంత కలిపినా ఆ మిగిలిన భాగం రాదు. చేపకు ప్రాణాధారం అందులో కూడా ఉన్నది.

దుకాణాలలో దొరికే సముద్రలవణపు మిశ్రమం గాలనుకు సుమారు నూటముప్పై గ్రాములు పడుతుంది. దానిని కలిపే నీటి విషయంలో ప్రారంభకులు చేసే పొరపాటు నేరుగా కొళాయి నీటిని వాడడం. మనుషులకు క్షేమం కొరకు నగరపాలకులు కలిపే క్లోరిన్, క్లోరమీన్ చేపల మొప్పలను కాల్చివేస్తాయి. పాత ఇళ్ళలోని రాగి గొట్టాల నుండి కరిగివచ్చే రాగి అతిస్వల్పమైనా రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. అందుచేత వ్యతిరేక ద్రవాభిసరణ యంత్రంతో శుద్ధిచేసిన నీటినే వాడాలి. తెలుగు ఇళ్ళలో ఇందుకు సంబంధించిన ఒక ప్రత్యేక జాగ్రత్త కూడా అవసరం. ఇత్తడి బిందె, రాగి చెంబు ఎంత శుభ్రంగా తోమినవైనా వాటితో తొట్టికి నీరు మోయరాదు. ఆహారపదార్థాలకు పనికివచ్చే ప్లాస్టిక్ బకెట్టును దీనికోసమే ప్రత్యేకించి, సబ్బు తగలకుండా ఉంచుకోవాలి.

ఉప్పదనాన్ని కొలవడానికి చవకైన హైడ్రోమీటరు ఉన్నది గాని, దాని ముల్లుకు అంటిన ఒక బుడగ కూడా లెక్కను తప్పిస్తుంది. కాంతి వక్రీభవనాన్ని బట్టి కొలిచే రిఫ్రాక్టోమీటరు మేలు. భీమవరం, నెల్లూరు పరిసరాలలో రొయ్యల చెరువులు ఉన్న బంధువులు కలవారు ఈ సాధనాన్ని వారి చేతిలో చూసే ఉంటారు. ఆ రైతు చెరువుగట్టు మీద నిలబడి ఉప్పదనం, పి.హెచ్., అమ్మోనియా చూసుకోవడానికీ, అమెరికాలో ముందుగదిలో చూసుకోవడానికీ పరిమాణంలో తప్ప తేడా లేదు. విశిష్ట గురుత్వం 1.025, 1.026 మధ్య, ఉష్ణోగ్రత 78 ఫారెన్‌హీట్ డిగ్రీల ప్రాంతంలో, పి.హెచ్. 8.1 నుండి 8.4 వరకు ఉంటే పగడపు దిబ్బల సమీపంలోని నీటితో సమానం.

తొట్టిలో నీరు తగ్గినప్పుడు ఏ నీరు పోయాలన్నది తరువాతి ప్రశ్న. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. యాభై గాలన్లలో ఐదు గాలన్లు ఆవిరైతే వేయికి ముప్పైయైదుగా ఉన్న ఉప్పదనం ముప్పైతొమ్మిదికి చేరుతుంది. అమెరికా శీతకాలంలో ఇంటిని వేడిచేసే యంత్రాలు గాలిని ఎండగట్టడం వలన ఇది కొద్ది రోజులలోనే జరగవచ్చు. అందుచేత తరుగును ఎల్లప్పుడూ ఉప్పు కలపని శుద్ధజలంతోనే పూడ్చాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది.

చేపకు ఇదంతా ఎందుకు పట్టింపు? మాగాయ కొరకు తరిగిన మామిడిముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే ఊట ఊరి ముక్క ముడుచుకుంటుంది. సముద్రపు చేప జీవితమంతా ఆ మామిడిముక్క స్థితిలోనే గడుపుతుంది. దాని శరీరద్రవాలలోని ఉప్పు కంటే చుట్టూ ఉన్న నీటిలోని ఉప్పు దాదాపు మూడు రెట్లు. అందువలన దేహంలోని నీరు నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి చేప సముద్రజలాన్ని తాగి, అదనపు ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోస్తుంది. నదిచేపకు స్థితి దీనికి తలక్రిందులు. దానికి నీరు లోనికి చొరబడుతుంది, అది నీటిని విసర్జిస్తూ ఉంటుంది. ఉప్పదనం ఒక్కసారిగా మారితే ఈ వ్యవస్థకు సర్దుకొనే వ్యవధి దొరకదు. బయటికి ఏ గాయమూ కనిపించకుండానే చేప చనిపోతుంది.

కంటికి కనిపించని పంటకాపులు

చేప విసర్జించే ప్రధాన మలినం అమ్మోనియా. సముద్రంలో అది కొలతకు అందనంత పలుచబడిపోతుంది. నలభై గాలన్ల తొట్టిలో అది చేప చుట్టూనే ఉండిపోతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. అయాను రూపం అంత హానికరం కాదు. స్వేచ్ఛా అమ్మోనియా మాత్రం మొప్పల గుండా సులభంగా లోనికి పోయి విషమవుతుంది. ఈ రెండింటి నిష్పత్తిని నిర్ణయించేది పి.హెచ్. తటస్థమైన మంచినీటిలో స్వేచ్ఛా రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. సముద్రజలపు క్షారగుణం వలన ఇక్కడ అది పదిరెట్లకు పైగా పెరుగుతుంది. మంచినీటి తొట్టిలో గోల్డ్ ఫిష్ సహించిన అశ్రద్ధను ఉప్పునీటి చేప సహించలేకపోవడానికి ఒక కారణం ఇదే. మరొకటి ప్రాణవాయువు. ఒకే ఉష్ణోగ్రతలో మంచినీటి కంటే ఉప్పునీటిలో అది సుమారు ఐదవ వంతు తక్కువగా కరుగుతుంది.

ఈ అమ్మోనియాను ఆహారంగా తినే సూక్ష్మజీవులు ప్రకృతిలో ఉన్నాయి. సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు జూరిక్ నగరంలో 1890 ప్రాంతంలో వీటి రహస్యాన్ని కనుగొన్నాడు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, మరొక జాతి నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. సూర్యకాంతితో గాని, ఇతర జీవుల దేహాలతో గాని పనిలేకుండా ఈ రసాయనచర్య నుండే అవి శక్తిని పొందుతాయి. ఒక శతాబ్దం పాటు ఆక్వేరియం పుస్తకాలన్నీ ఈ పనిని నైట్రొసోమొనాస్, నైట్రొబాక్టర్ అనే రెండు పేర్లకు అప్పగించి ఊరుకున్నాయి. తీరా చూస్తే కథ అంత సులువుగా లేదు. 1998లో ప్రచురితమైన పరిశోధన ఒకటి, మంచినీటి ఆక్వేరియాలలో రెండవ మెట్టును నడిపేది నైట్రొబాక్టర్ కాదనీ, నైట్రొస్పైరా వర్గమనీ తేల్చింది. 2005లో మరింత ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. సియాటిల్ ఆక్వేరియంలోని ఒక ఉష్ణమండల సముద్రపు తొట్టి నుండి తీసిన సూక్ష్మజీవి అమ్మోనియాను ఆక్సీకరించడం కనిపించింది. అది బాక్టీరియాయే కాదు, ఆర్కియా అనే వేరొక జీవసామ్రాజ్యానికి చెందినది. దానికి నైట్రొసోప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. ఇట్టి జీవులు ప్రపంచ మహాసముద్రాలన్నింటా అసంఖ్యాకంగా ఉన్నాయని తరువాత తెలిసింది. సముద్రంలో నత్రజని ఎట్లా తిరుగుతున్నదన్న పెద్ద ప్రశ్నకు ఒక సమాధానం చేపల తొట్టి అడుగున దొరికిందన్నమాట.

ప్రారంభకునికి ఇందులో ముఖ్యమైన విషయం కాలం. మన కడుపులోని సాధారణ బాక్టీరియా అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకు రెండింతలు కాగలదు. ఈ నత్రజని జీవులు రెండింతలు కావడానికి చాలా గంటలు, కొన్నింటికి ఒక రోజు కూడా పడుతుంది. అందుచేత కొత్త తొట్టిలో అవి చాలినంతగా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు కావాలి. ఈ దశనే ‘సైక్లింగ్’ అంటారు. దీనికి చేప అవసరం లేదు. ఉప్పునీరు, ఇసుక, రాళ్ళు సిద్ధంచేసి, అమ్మోనియం క్లోరైడు కొన్ని చుక్కలు గాని, పచ్చి రొయ్య ముక్క ఒకటి గాని వేస్తే చాలును. పరీక్షా ద్రావకాలతో రెండు రోజులకొకసారి కొలుస్తూ ఉంటే మొదట అమ్మోనియా పెరిగి, తరువాత తగ్గుతుంది. అది తగ్గుతుండగా నైట్రైటు పెరుగుతుంది. చివరకు రెండూ శూన్యమై నైట్రేటు మాత్రం మిగులుతుంది. నైట్రైటు మంచినీటి చేపలకు చేసినంత హాని సముద్రపు చేపలకు చేయదు, నీటిలోని క్లోరైడు వాటికి రక్షణ ఇస్తుంది. అయినా అది ఇంకా కనిపిస్తున్నదంటే వ్యవస్థ పూర్తికాలేదని అర్థం. పదేళ్ళు దాటిన పిల్లలు ఉన్న ఇంట్లో ఈ అంకెలను గ్రాఫు కాగితం మీద గీయించవచ్చు. బడిలో చెప్పే నత్రజని చక్రం తమ ఇంట్లోనే మలుపు తిరగడం వారికి కనిపిస్తుంది.

పూర్వం ఈ దశను గడపడానికి గట్టి ప్రాణం కల డామ్‌సెల్ చేపలను వేసి, బ్రతికితే సరి, లేకుంటే మరొకటి, అనే పద్ధతి ఉండేది. అది క్రూరమే కాక బుద్ధిహీనం కూడా. బ్రతికిన డామ్‌సెల్ తొట్టి అంతా తనదేనని తీర్మానించుకొని, తరువాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి కరుస్తుంది.

రాయి, నురుగు, బరువు

1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ అమెరికాలోని ఒక ఆక్వేరియం పత్రికలో తన పద్ధతిని వివరించాడు. ఖరీదైన యంత్రాలేవీ లేకుండా, పగడపు దిబ్బల నుండి ఊడిపడిన రాళ్ళను జీవంతో సహా తొట్టిలో పేర్చి, గాలిబుడగలు మాత్రం వదిలి, సముద్రజీవులను చక్కగా పెంచుతున్నానని అతని మాట. పాశ్చాత్య ఔత్సాహికులు ఆ మాటను పట్టించుకొని ఆచరించడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఆ ‘సజీవశిల’ నేటి ఉప్పునీటి తొట్టికి ఆయువుపట్టు. సొరంగాలతో నిండిన ఆ సున్నపురాతి ఉపరితలం మీద నత్రజని జీవులు కాపురముంటాయి. ప్రాణవాయువు చొరని లోపలి భాగాలలో మరొక రకం బాక్టీరియా నైట్రేటును విరిచి నత్రజని వాయువుగా గాలిలోకి పంపుతుంది. సహజశిలల సేకరణ తీరానికి హాని అని గుర్తించి ఫ్లోరిడా సమీపపు ఫెడరల్ జలాలలో 1997 నుండి దానిని నిలిపివేశారు. అక్కడి సాగుదారులు సముద్రపు అడుగున కౌలుకు తీసుకున్న జాగాలో గట్టున తవ్విన రాయిని పోసి, జీవం పట్టిన తరువాత తీసి అమ్ముతున్నారు. ఎండురాయిని కొని కొద్దిపాటి సజీవశిలను జతచేసినా కొన్ని నెలలలో అంతా సజీవమే అవుతుంది. ఖర్చు తక్కువ, అవాంఛిత జీవులు వచ్చే ప్రమాదమూ తక్కువ.

మిగిలిన సామగ్రి గురించి విస్తరించి చెప్పనవసరం లేదు. నీటిని కదిలించే పంపులు రెండు, హీటరు, థర్మామీటరు, తెల్లని అరగొనైట్ ఇసుక, దీపం. పగడాలు లేని తొట్టికి సాధారణమైన ఎల్.ఇ.డి. దీపం చాలును. ‘ప్రొటీన్ స్కిమ్మర్’ అనే పరికరం మాత్రం మంచినీటి తొట్టి ఉంచినవారికి కొత్తగా తోస్తుంది. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురుగును గరిటెతో తీసివేసినట్లు, సన్నని గాలిబుడగలకు అంటుకున్న సేంద్రియ మలినాలను అది కుళ్ళకముందే పైకి తోసి ఒక గిన్నెలో పోగుచేస్తుంది. ఆ గిన్నెలోని ముదురు గోధుమరంగు ద్రవాన్ని ఒకసారి వాసన చూసినవారు దాని ఉపయోగాన్ని మరి సందేహించరు.

చిన్న తొట్టి సులభమన్నది భ్రమ. నీరు తక్కువైతే ప్రతి పొరపాటు ఫలితమూ వేగంగా కనిపిస్తుంది. నలభై నుండి యాభైయైదు గాలన్ల తొట్టి ప్రారంభానికి ఉత్తమం. అయితే యాభైయైదు గాలన్ల తొట్టిలో నీరే సుమారు 470 పౌన్లు. గాజు, రాళ్ళు, ఇసుక కలిపితే ఆరువందలు దాటుతుంది. అపార్టుమెంటులో పై అంతస్తున ఉన్నవారు అద్దె ఒప్పందాన్ని ఒకసారి చదువుకొని, తొట్టిని గది మధ్యలో కాక, నేలక్రింది దూలాలకు అడ్డంగా, బరువు మోసే గోడకు ఆనించి నిలపాలి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. తీగలను ప్లగ్గు కంటే క్రిందికి వంకీలా వ్రేలాడదీసి, ప్లగ్గును జి.ఎఫ్.సి.ఐ. రక్షణ కల బిందువుకే పెట్టాలి.

ఎవరిని ఆహ్వానించాలి?

తొట్టి సిద్ధమైన తరువాత మొదటి అతిథిగా ఓసెల్లారిస్ క్లౌన్ చేపను మించినది లేదు. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రం దానిని ఇంటింటికీ పరిచయం చేసింది. సినిమాలో చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఈ చేపలన్నీ మగవిగా ఎదుగుతాయి. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది. తరువాతది దాని జత. ఆడది చనిపోతే ఆ మగచేపే ఆడదిగా మారుతుంది. ఈ జాతి గుడ్లను పొదిగించి పిల్లలను పెంచడం 1970ల నుండి ఫ్లోరిడాలో వ్యాపారస్థాయిలో జరుగుతున్నది. మార్టిన్ మో ఇందులో మార్గదర్శకుడు. 1982లో అతడు ప్రారంభకుల కొరకు వ్రాసిన కరదీపిక చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. భారతదేశంలో కూడా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు క్లౌన్ చేపల ఉత్పత్తి పద్ధతులను రూపొందించారు. కావున సముద్రం నుండి పట్టిన దానికి బదులు, పెంచిన చేపనే అడిగి కొనాలి. పెంచినది సిద్ధాహారానికి అలవాటుపడి ఉంటుంది, వ్యాధులు తక్కువ. పైగా ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల సయనైడుతో చేపలను మత్తెక్కించి పట్టే దురాచారానికి కొనుగోలుదారు తోడ్పడినట్లు కాదు.

క్లౌన్ చేపకు తోడుగా రాయల్ గ్రామా, ఫైర్‌ఫిష్ గోబీ, తొట్టిలో పెంచిన బంగాయి కార్డినల్ అనువైనవి. నెలకు ఒకటి చొప్పున చేర్చాలి. చేప చేరిన ప్రతిసారీ సూక్ష్మజీవులు ఆ అదనపు భారానికి తగినట్లు పెరగాలి కదా. నీమోతో పాటు సినిమాలో కనిపించే నీలి టాంగ్ అడుగు పొడవు పెరిగి ఈత కొట్టే చేప; యాభై గాలన్లు దానికి కారాగారం. మాండరిన్ చేప అందం వర్ణనాతీతం. కాని అది రాళ్ళ మధ్య పుట్టే సూక్ష్మ కోపిపాడ్లనే రోజంతా ఏరుకు తింటుంది. కొత్త తొట్టిలో అవి ఉండవు, అది కళ్ళెదుటనే కృశించిపోతుంది. సముద్రపుష్పాలుగా పేరుబడిన ఎనిమోన్లు ఏడాది గడిచిన తొట్టికే తగినవి. క్లౌన్ చేప ఎనిమోన్ లేకుండా హాయిగా బ్రతుకుతుంది.

ఎల్లో టాంగ్ విషయం ప్రత్యేకంగా చెప్పదగినది. దశాబ్దాల పాటు హవాయి దీవుల నుండి ఈ పసుపు చేపలను లక్షలాదిగా పట్టి తెచ్చేవారు. పర్యావరణ సమీక్ష లేకుండా సేకరణ అనుమతులు చెల్లవని హవాయి సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. దానికి రెండేళ్ళ ముందే, 2015లో, హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళ ప్రయత్నం తరువాత ఈ చేపను తొట్టెలలోనే గుడ్డు నుండి పెంచగలిగారు. ఇప్పుడు పెంచిన ఎల్లో టాంగ్ దుకాణాలలో దొరుకుతున్నది. దానికి కూడా పెద్ద తొట్టే కావాలి.

కొత్త చేపను నేరుగా పెద్ద తొట్టిలో విడవకుండా నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచడం సగం మంది చేయని పని. క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి చేప ఒంటిమీద ఉప్పురవ్వల వలె కనిపిస్తుంది. దానికి మందు రాగి. రాగి వేస్తే పెద్ద తొట్టిలోని రొయ్యలు, నత్తలు చస్తాయి. ఒకసారి ఆ పరాన్నజీవి చొరబడితే చేపలన్నిటినీ బయటికి తీసి, తొట్టిని పదకొండు వారాలు ఖాళీగా ఉంచవలసి వస్తుంది. చిన్న తొట్టి ఖరీదు అంతకంటే ఎంత చవకో వేరే చెప్పాలా?

తెలుగు ఇంటి ప్రశ్నలు కొన్ని

శాకాహార కుటుంబాలలో మొదటి చర్చ ఫ్రీజరు గురించే వస్తుంది. గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలు చేపలకు మంచి ఆహారం. వాటిని వంటింటి ఫ్రీజరులో ఉంచడానికి చాలామంది గృహిణులు ఒప్పుకోరు, వారి అభ్యంతరం సహేతుకమే. గరాజులో చిన్న ఫ్రీజరు ఒక దారి. పెంచిన క్లౌన్ చేపలు గుళికల ఆహారంతోనే చక్కగా జీవిస్తాయి. ఆకుమేత చేపలకు నోరి అనే ఎండు సముద్రపు నాచు ఆసియా దుకాణాలలో దొరుకుతుంది. ఏదైనా, రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయాలి. అతిథికి కొసరి కొసరి వడ్డించే అలవాటు ఇక్కడ ప్రాణాంతకం; మిగిలిన ప్రతి గుళికా అమ్మోనియా అవుతుంది.

సాంబ్రాణి పొగ, బొద్దింకల మందు చల్లిన గాలి పంపుల ద్వారా నీటిలోకి పోతాయి. ముఖ్యంగా కీటకనాశనులు రొయ్యలను క్షణాలలో చంపుతాయి. రొయ్యకూ బొద్దింకకూ బంధుత్వం దగ్గరిది.

వేసవిలోనో, డిసెంబరులోనో నెలా నెలన్నర పాటు ఇండియా ప్రయాణం పెద్ద పరీక్ష. ఆవిరైన నీటిని దానంతటదే పూడ్చే ఆటోమేటిక్ సాధనం ఉండి తీరాలి. దానిని ప్రయాణానికి నెలముందే అమర్చి లోపాలు చూసుకోవాలి. పొరుగువారికి డబ్బా అప్పగిస్తే ప్రేమతో ఎక్కువ వేస్తారు. వారానికి మందుబిళ్ళలు సర్దుకునే అరల పెట్టెలో రోజుకొక అర చొప్పున మేత నింపి ఇచ్చి, డబ్బాను దాచివేయడం అనుభవజ్ఞుల ఉపాయం. బయలుదేరడానికి ముందు నెలలో కొత్త చేపను చేర్చరాదు. మంచుతుఫానుకు కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంటే ప్రాణవాయువు కొరత రాదు.

పిల్లలున్న ఇంట్లో మరొక హెచ్చరిక. జోయాంథిడ్లు అనే పూలవంటి పగడజాతి జీవులలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అలాస్కాలో 2012, 2014 సంవత్సరాల మధ్య ఇళ్ళలోనూ దుకాణాలలోనూ ఈ జీవులను కదిలించినవారు, వాటి సమీపంలో ఉన్నవారు, శ్వాసకోశ లక్షణాలతో అస్వస్థులైన ఉదంతాలను అమెరికా ప్రజారోగ్య అధికారులు నమోదు చేశారు. సజీవశిలను ఎట్టి పరిస్థితులలోనూ మరిగించరాదు, వేడినీటితో కడుగరాదు. ఆ ఆవిరే ప్రమాదం. తొట్టిలో చేయి పెట్టే ముందు తొడుగులు ధరించాలి. చేతికి గాయం ఉంటే నీటిలోని మైకోబాక్టీరియం మరైనమ్ చర్మవ్యాధి తెచ్చిపెట్టవచ్చు. పిల్లలను మేత వేయనివ్వవచ్చును గాని, రాళ్ళు సర్దనివ్వరాదు.

ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్ళవలసి వచ్చినప్పుడు తొట్టిని ఏమి చేయాలి? చేపను, నాచును, నీటిని ఏ ఏటిలోనూ, సముద్రంలోనూ విడవకూడదు. ఇండో-పసిఫిక్ వాసి అయిన లయన్‌ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో తొలిసారి కనిపించింది. ఆక్వేరియాల నుండి విడిచిన చేపలే దాని మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. నేడు అది కరీబియన్ అంతటా వ్యాపించి అక్కడి చిన్నచేపలను హరిస్తున్నది. కాలర్పా టాక్సిఫోలియా అనే అందమైన ఆకుపచ్చని నాచు 1984లో మొనాకో తీరాన కనిపించి, తరువాత మధ్యధరా సముద్రంలో వేల ఎకరాలు ఆక్రమించింది. అదే నాచు 2000 జూన్‌లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ వద్ద ఒక ఉప్పుటేరులో బయటపడింది. ఈతగాళ్ళు దానిపై నల్లని ప్లాస్టిక్ పట్టాలు కప్పి, లోనికి క్లోరిన్ ఎక్కించి చంపారు; నిర్మూలన పూర్తయిందని ప్రకటించడానికి 2006 వరకు పట్టింది. ఆ నాచును అమ్మడం, ఉంచుకోవడం కూడా కాలిఫోర్నియాలో 2001 నుండి నిషిద్ధం. చాలా ఊళ్ళలో ఉప్పునీటి చేపల దుకాణదారులు వద్దన్న చేపలను తిరిగి తీసుకుంటారు. కొన్నిచోట్ల ఔత్సాహికుల సంఘాలు రాళ్ళను, సామగ్రిని కూడా కొత్తవారికి అందజేస్తాయి. తొట్టిలోని నీటిని ఇంటి సింకులోనే పారబోయాలి, వానకాలువలో కాదు.